సమాధానం: ఇంకో ట్యాంకు కట్టే ముందు క్లారిఫయర్ సంగతి చూడు

బరంపురం తమ్ముడూ, లక్ష మందికి కట్టిన మురుగునీటి ప్లాంటును లక్షన్నరకు పెంచడానికి ఇంకో ఏరేషన్ ట్యాంకు (సూక్ష్మజీవులు మురికిని తినేలా గాలి ఊదే ట్యాంకు) సరిపోతుందా అని అడిగావు. చాలదు. ముందు లెక్క చూద్దాం.

మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే లక్షన్నర మందికి 16.2 ఎంఎల్‌డీ, అంటే రోజుకు కోటి 62 లక్షల లీటర్లు. రద్దీ వేళ దానికి 2.25 రెట్లు, అంటే 36 పైమాటే. పంపులూ, చెత్తను ఆపే స్క్రీన్లూ తట్టుకోవాల్సింది ఈ అంకెను.

అయితే వచ్చేదంతా మురుగేనా? మన గంజాం వైపు వానాకాలంలో తెల్లవారుజామున 3 గంటలకు ప్లాంటులోకి మురుగు వచ్చే ఇన్‌లెట్ దగ్గర నిలబడి చూడు. ఊరంతా పడుకున్నా ప్రవాహం తగ్గలేదంటే మ్యాన్‌హోళ్లలోంచి, పైపు అతుకుల్లోంచి వాన నీరూ భూగర్భ జలమూ దూరుతున్నట్టే. ఆ లీకులు మూయడం చాలాసార్లు ట్యాంకు కట్టడం కంటే చవక. కానీ రిబ్బన్ కటింగ్ ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు!

తర్వాత క్లారిఫయర్, అంటే ఏరేషన్ తర్వాత బురద కిందికి దిగి తేట నీరు విడిపోయే ట్యాంకు. అసలు ఇబ్బంది ఎక్కువగా ఇక్కడే. ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పోసి అరగంట ఆగు. బురద చక్కగా కిందికి దిగి పైన తేట నీరు కనిపించాలి. దిగకపోతే ఎన్ని ట్యాంకులు కట్టినా బురద అవుట్‌లెట్‌లోంచి పోతుంది.

బురద బాగా దిగుతోందా, స్థలమే సమస్యా? పాత ఏరేషన్ ట్యాంకులోనే ప్లాస్టిక్ మీడియా (సూక్ష్మజీవులు అంటుకుని పెరిగే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) వేసి, అవి నీళ్లలో కదులుతూ పనిచేసే ఎంబీబీఆర్‌గా మార్చొచ్చు. గాలి ఊదే బ్లోయర్లు మాత్రం పెంచాలి, మీడియా కొట్టుకుపోకుండా జాలీ పెట్టాలి. పెరిగే బురద ఎండబెట్టడానికి వానల్లో ఆరుబయట బెడ్లు పనికిరావు, బురదను గిరగిరా తిప్పి నీరు తీసే సెంట్రిఫ్యూజ్ ఖర్చు ఇప్పుడే ఎస్టిమేట్‌లో వేసుకో.