వోయ్నిచ్ రాతప్రతిని నిజంగా ఎవరైనా చదివారా? తెలియని లిపిని చదవడానికి మీరెప్పుడైనా ప్రయత్నించారా?

చదవలేదండి, ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. వోయ్నిచ్ అంటే ఎవరికీ తెలియని లిపిలో చేత్తో రాసిన పాత పుస్తకం. చదివేశాం అన్నవాళ్ళు మాత్రం వందేళ్ళుగా వస్తూనే ఉన్నారు. వాళ్ళని చూసి నేను నవ్వలేను, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లె. నాలుగేళ్ళ కిందట పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం దొరికింది. మా పెదతాతది. కాగితం బెల్లం రంగుకి తిరిగిపోయింది, అంచులు చెదలు తినేసింది, లోపల ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, తలకట్లు లేవు, అక్షరం మీదికి అక్షరం ఎక్కేసింది, మధ్యమధ్యలో నిలువు గీతలు, అడ్డగీతలు. ఆయన మూలికల వైద్యం చేసేవాడని ఇంట్లో అనేవాళ్ళు కాబట్టి ఇది వైద్యమే అని నేను ఫిక్స్ అయిపోయాను. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే 'శొంఠి' కనిపించింది, కాసేపటికి 'తేనె' కూడా కనిపించింది. రెండు పేజీలు చదివేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను కూడా. మూడో పేజీలో ఆ శొంఠి కిందకి వరసగా తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లు శొంఠి ఏ కషాయంలో వేస్తారు?

విలియం న్యూబోల్డ్ అనే ప్రొఫెసర్‌కి 1921లో జరిగింది అచ్చం ఇదే. వోయ్నిచ్ అక్షరాల్లో భూతద్దంతో చూస్తే సన్నటి గీతలున్నాయని, అందులో రోజర్ బేకన్ అనే పాతకాలపు ఇంగ్లండ్ పండితుడు తన రహస్యాలు దాచాడని ప్రకటించాడు. అవి సిరా ఎండి పగిలిన బీటలేనని 1931లో జాన్ మ్యాన్లీ అనే ఇంకో ప్రొఫెసర్ తేల్చాడు. 2009లో కార్బన్ పరీక్ష చేస్తే ఆ తోలు కాగితం 1404-1438 మధ్యదని వచ్చింది, బేకన్ ఏమో 13వ శతాబ్దం మనిషి. 2019లో ఇంకొకాయన రెండు వారాల్లో చదివేశానన్నాడు, ముందు గొప్పగా చెప్పుకున్న యూనివర్సిటీయే విమర్శలు రాగానే వెనక్కి తగ్గింది.

నా శొంఠి సంగతి మా ఊళ్ళోనే తేలింది. ఒకప్పుడు కరణం గారి దగ్గర లెక్కలు రాసిన తాతగారు ఒకాయన ఉన్నారు (కరణీకాలు 1984లోనే పోయాయి, ఆ రాత చదివేవాళ్ళు ఇక ఎంతమంది మిగిలుంటారు). పుస్తకం చేతిలో పెట్టగానే నవ్వేశారు. "శొంఠీ లేదు మిరియాలూ లేవు అబ్బాయ్, ఇది గొలుసుకట్టు రాత. మీ శిస్తు ధాన్యం లెక్క." నేను శొంఠి అనుకున్నది తూము, ధాన్యం కొలత.

ఆ గీతల్ని అంతకుముందే ఎక్సెల్‌లో ఎక్కించి లెక్కపెట్టాను. పక్కపక్కన ఒకటి, రెండు, మూడు ఉంటాయి, నాలుగు మాత్రం ఎక్కడా లేవు. ఏదో పెద్ద గూఢలిపి పట్టేశాననుకున్నా. అదే ఆయన్ని అడిగితే, "నిలువు గీత కాలు, రెండైతే అర, మూడైతే ముక్కాలు. అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. నాలుగు వీసాలైతే కాలే కదా, ఇంక నాలుగో గీతెందుకు?" అన్నారు. ఆరు నెలల టెన్షన్ అరనిమిషంలో తీరిపోయింది.

వోయ్నిచ్‌కి అలాంటి తాతగారు లేరు. 1912లో విల్‌ఫ్రిడ్ వోయ్నిచ్ అనే పుస్తకాల వ్యాపారి రోమ్ దగ్గర జెసూట్లనే క్రైస్తవ సన్యాసుల నుంచి ఆ పుస్తకాన్ని కొన్నాడు, ఇప్పుడు యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. ఆ లిపిలో రాసిన పుస్తకం ఇంకొకటి లేదు, భాష ఏదో తెలీదు. లెక్కపెట్టడం మాత్రం బాగానే పెట్టారు: కొన్ని గుర్తులు పదం మొదట్లోనే వస్తాయి, కొన్ని చివర్లోనే, ఒకే పదం వెంటవెంటనే రెండు మూడుసార్లు వస్తుంది. అది నా ఎక్సెల్ లాంటిదే. నాలుగో గీత లేదని ఎక్సెల్ చెప్పింది గానీ అది ధాన్యమని చెప్పలేదుగా. అసలు అర్థమే లేని రాత కావచ్చని, చిల్లులు పెట్టిన అట్టని పట్టిక మీద జరుపుతూ అలాంటి పదాలు పుట్టించొచ్చని గోర్డన్ రగ్ అనే పరిశోధకుడు 2004లో చూపించాడు. నాకైతే అర్థం ఉందనే అనిపిస్తుంది, శొంఠి కూడా అలాగే అనిపించిందనుకోండి.

ఇకమీదట ఎవరైనా చదివేశానంటే మూడో పేజీ చదవమని అడగండి.

అన్నట్టు, మా పుస్తకంలో ఒక రైతు పేరు పక్కన మాత్రం సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టి ఉంది, ప్రతి ఏడూ. అదేంటని అడిగితే తాతగారు చాలాసేపు చూసి, "ఇది మీ పెదతాత సొంత గుర్తురా, ఆయన్నే అడగాలి" అని పుస్తకం మూసి ఇచ్చేశారు.