క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, 41 ఏళ్లకే శుక్లం.. పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లి దగ్గర ఓ ప్రైవేట్ హాస్పిటల్ క్యాథ్ ల్యాబ్‌లో (ఎక్స్‌రేలో చూస్తూ గుండెకి స్టెంట్ వేసే గది) 11 ఏళ్లుగా కాంట్రాక్ట్ మీద చేస్తున్నాను సార్. రెండు కళ్లకీ శుక్లం మొదలైందట. ఒంటికి తగిలే రేడియేషన్ కొలిచే బ్యాడ్జ్ రీడింగ్ ఎప్పుడూ లిమిట్ దాటలేదు కాబట్టి మాకు సంబంధం లేదంటున్నారు హెచ్ఆర్ వాళ్లు. నిజమేనా?

డాక్టర్ సలహా: బ్యాడ్జ్ బాగానే ఉంటే కళ్లూ బాగానే ఉన్నట్టు కాదండీ. ఆ టీఎల్‌డీ బ్యాడ్జ్ మీరు పెట్టుకునేది ఛాతీ దగ్గర, ఎక్స్‌రేని ఆపే లెడ్ (సీసం) ఏప్రన్ లోపల కదా, స్టెంట్ వేసేటప్పుడు పేషెంట్ ఒంటి మీంచి చెదిరి మీ మొహానికి తగిలే ఎక్స్‌రే దాని లెక్కలోకే రాదు. లెడ్ కళ్లద్దాలు అసలిచ్చారా? కంటికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోస్ కొలత) అన్న పాత లిమిట్‌ని సగటున 20కి దించమని రేడియేషన్ రక్షణ మీద సిఫార్సులు చేసే అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌పీ 2011లోనే చెప్పింది.

కంటి రిపోర్ట్‌లో పోస్టీరియర్ సబ్‌క్యాప్సులార్ అని ఉందేమో చూడండి, అంటే లెన్స్ వెనకవైపు మసక, రేడియేషన్‌కి ఎక్కువగా వచ్చేది ఆ రకమే. షుగర్ ఉన్నా, స్టెరాయిడ్స్ వాడినా కూడా అదే వస్తుంది, అవతలివాళ్లు ముందు ఎత్తే పాయింట్ ఇదే కాబట్టి షుగర్ టెస్ట్ ఇప్పుడే చేయించి పెట్టుకోండి.

ఇక పరిహారం. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం మూడో షెడ్యూల్‌లో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, రేడియేషన్ జబ్బులు ఉన్నాయి, ఈఎస్ఐ చట్టంలోనూ అంతే, ఇప్పుడు రెండూ సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిశాయి. ఆ పనిలో వరసగా ఆరు నెలలు చేసినవాళ్లకి షెడ్యూల్‌లో ఉన్న జబ్బు వస్తే అది పని వల్లే అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది యాజమాన్యమే. ఇది మీ హెచ్ఆర్‌కి తెలీదో, తెలిసీ చెప్పరో మరి! జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంటే క్లెయిమ్ అక్కడే వేయాలి, లేకపోతే లేబర్ ఆఫీసులో, రెండేళ్ల లోపు.

బ్రిటన్‌లో అణు పరిశ్రమ కార్మికులకి 1982 నుంచి ఒక స్కీమ్ ఉంది, క్యాన్సర్ రేడియేషన్ వల్ల వచ్చే అవకాశం 20 శాతం ఉన్నా ఎంతోకొంత ఇస్తారు. మన దగ్గర అలా శాతాన్ని బట్టి ఇచ్చే లెక్క లేదు, నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది.

మీ డోస్ రికార్డ్ మొత్తం ఇవ్వమని రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా అడగండి, నోటిమాట వద్దు. ఆపరేషన్‌తో చూపు బాగానే వస్తుంది, భయపడకండి, కాకపోతే దానికి ముందే స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ లెన్స్‌ని పెద్దగా చూసే పరికరం) ఫొటోలు తీయించి దాచుకోండి, లెన్స్ తీసేశాక చూపించడానికి ఏమీ ఉండదు.