స్వర్ణ నిష్పత్తా, స్వర్ణానుపాతమా?

సందేహం: మా అమ్మాయి గణితం నోట్సులో ‘స్వర్ణ నిష్పత్తి’ అని ఉంది. మా ఇంటి ప్లాన్ గీసిన డిజైనర్ ‘స్వర్ణానుపాతం’ అంటున్నారు. ‘బంగారు నిష్పత్తి’ అని కూడా ఎక్కడో చదివాను. 1.618 అనే ఒక్క సంఖ్యకు ఇన్ని పేర్లా? ఏది సాధువు? (ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు నిష్పత్తి సంగతి చూద్దాం. ‘నిస్’ ఉపసర్గ, ‘పద్’ ధాతువు, దానిపై ‘తి’ ప్రత్యయం. ధాతువు చివరి దకారం తకారమై ‘పత్తి’ అయింది. ఉపసర్గలోని సకారం షకారమైంది, నిష్ఫలం, నిష్కామం లాగే. కనుక ‘నిస్పత్తి’ అని రాయకూడదు. ఈ పద్ ధాతువు సంతానం చాలా పెద్దది: ఉత్పత్తి, సంపత్తి, విపత్తి, ప్రతిపత్తి, ఇప్పుడు మనం చెప్పుకుంటున్న వ్యుత్పత్తి కూడా. నిష్పత్తికి మొదటి అర్థం సిద్ధించడం. విభావానుభావ వ్యభిచారి భావాల సంయోగం వల్ల రసనిష్పత్తి (రసం సిద్ధించడం) అని నాట్యశాస్త్రంలో భరతుడు అన్నది ఈ అర్థంలోనే. హఠయోగంలో చివరి అవస్థ పేరూ నిష్పత్తే. రెండు రాశులను పోల్చగా తేలేది గనుక గణితానికీ ఆ మాట పొసిగిందనుకుంటాను.

అనుపాతం వేరే ధాతువుది. అది ‘పత్’, పడటం. అనుపాతమంటే వెంటపడటం, అనుసరించడం. ఒక నిష్పత్తి మరో నిష్పత్తికి సమానమైతే అనుపాతం. మన బడి పుస్తకాల్లో పాఠం పేరే ‘నిష్పత్తి – అనుపాతం’. హిందీలో మాత్రం మన నిష్పత్తిని ‘అనుపాత్’ అనీ, మన అనుపాతాన్ని ‘సమానుపాత్’ అనీ అంటారు. మీ డిజైనర్ మాట ఆ దారినే వచ్చి ఉంటుంది. హిందీలో అది సరైనదే. తెలుగులో రెండు మాటల మధ్య పెద్దలు వేసిన గట్టును మనమే దున్నేసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

అయినా ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను. ఒక గీతను రెండు ముక్కలు చేసినప్పుడు మొత్తానికీ పెద్ద ముక్కకూ ఉన్న నిష్పత్తి, పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న నిష్పత్తితో సమానం కావాలి. ఆ సమానత్వం అనుపాతమే. దాని నుంచి తేలే 1.618... నిష్పత్తి. షరతును చెప్పేటప్పుడు స్వర్ణానుపాతం అంటే చెల్లుతుంది, సంఖ్యను చెప్పేటప్పుడు చెల్లదు.

‘స్వర్ణ’ విశేషణం మనవాళ్లు అనుకున్నంత పాతది కాదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ దీన్ని ‘అంత్య మధ్య నిష్పత్తి’ అనే అర్థం వచ్చే మాటతో వ్యవహరించాడు. 1509లో అచ్చయిన ఇటలీ గణితవేత్త పాచోలీ గ్రంథం ‘దివ్య’ అంది. ‘స్వర్ణ ఛేదం’ అనే అర్థమిచ్చే జర్మన్ మాట 1835లో గణితవేత్త మార్టిన్ ఓమ్ పుస్తకంలో కనిపిస్తుంది. గ్రీకులు దీన్ని స్వర్ణ నిష్పత్తి అనేవారని రాసేవారు ఈ తేదీలు ఒకసారి చూసుకోవాలి.

ఇక ఈ సంఖ్య జాడ మన ఛందస్సులోనే ఉందన్న విషయం చెప్పకుండా ఉండలేను. మాత్ర అంటే పలికే కాలపు కొలత. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఒక మాత్రను ఒకే విధంగా కూర్చగలం. రెండు మాత్రలను రెండు విధాలుగా, మూడింటిని మూడు విధాలుగా, నాలుగింటిని 5, అయిదింటిని 8, ఆరింటిని 13, ఏడింటిని 21 విధాలుగా కూర్చవచ్చు. కారణం తేలికే. అయిదు మాత్రల గణం లఘువుతో ముగిస్తే ముందు మిగిలేవి నాలుగు మాత్రలు, వాటికి 5 రూపాలు. గురువుతో ముగిస్తే మిగిలేవి మూడు, వాటికి 3 రూపాలు. మొత్తం 8. ఈ లెక్కను ప్రాకృత ఛందశ్శాస్త్రంలో విరహాంకుడు చెప్పాడు. సుమారు 1150లో జైన పండితుడు హేమచంద్రుడు మళ్లీ చెప్పాడు. ఈ వరసకు ఇప్పుడు ఎవరి పేరు పెట్టి పిలుస్తున్నారో, ఆ ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ గ్రంథం 1202 నాటిది. వరసలో ఒక సంఖ్యను దాని ముందు సంఖ్యతో భాగిస్తూ పోండి: 8/5 అంటే 1.6, 13/8 అంటే 1.625, 21/13 అంటే సుమారు 1.615. ముందుకు వెళ్లినకొద్దీ స్వర్ణ నిష్పత్తికి దగ్గరవుతాం. మన లాక్షణికులు లెక్కించింది గణ రూపాలనే, ఈ భాగహారాన్ని కాదు. ఆ పోలిక ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ 1611లో రాశాడు.

నాలుగు మాత్రలకు ఆ అయిదు రూపాలే మన కందపద్యం గణాలు (U గురువు, I లఘువు): గగ (UU), భ (UII), జ (IUI), స (IIU), నల (IIII). ఆరో రూపం ఉండే వీలే లేదు. సుమతి శతకంలో అందరికీ వచ్చిన పద్యం సగం చూడండి:

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడె బంధువులు వత్తు రది యెట్లన్నన్

గణాలు విడదీస్తే భ, భ, నల. భ, భ, జ, స, గగ. అయిదు రూపాలూ ఈ రెండు పాదాల్లోనే వచ్చేశాయి! ఆరో గణం జగణం, ఎనిమిదో గణం చివర గురువు, నియమాలన్నీ దక్కాయి. అయినా చదివే పిల్లవాడికి ఎక్కడా తడబాటు లేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కందం అందం ఇదే. పిల్లలకు ఈ ఒక్క పద్యంతో ఛందస్సూ గణితమూ ఒకే గంటలో చెప్పవచ్చు. చెప్పే బడి ఉంటే బాగుండును.

కందంలో మొదటి పాదానికి 3 గణాలు, రెండో పాదానికి 5, కలిపి 8. ఇవీ ఆ వరసలోని సంఖ్యలే కాబట్టి ‘కందంలో స్వర్ణ నిష్పత్తి’ అని ఎవరైనా ఫోన్లో పంపిస్తే నమ్మకండి. అది కాకతాళీయం. పొద్దుతిరుగుడు పువ్వు గింజల చుట్లు తరచుగా ఆ వరసలోవే అయిన 34, 55 ఉండటానికి ఆ మొక్క పెరిగే తీరు కారణం. నాటిలస్ గవ్వకూ, అందమైన ముఖాలకూ ఈ సంఖ్యను అంటగట్టడానికి అలాంటి ఆధారం లేదు. బాగున్న ప్రతి కొలతనూ స్వర్ణ నిష్పత్తి అనేస్తే ఆ మాటకు కొలత పోతుంది.

మీ అమ్మాయి నోట్సులో ఉన్నది సరైనదే, మార్చనక్కర్లేదు. ‘బంగారు నిష్పత్తి’ కూడా దోషం కాదు. బంగారు పాత్ర, బంగారు రథం అంటున్నాం కదా. నా మటుకు నాకు ‘హేమ నిష్పత్తి’ అనాలని ఉంది. అమరంలో ‘స్వర్ణం సువర్ణం కనకం హిరణ్యం హేమ హాటకమ్’ అన్న చోట అది స్వర్ణానికి పర్యాయమే, పైగా హేమచంద్రుడి పేరు అందులో నిలుస్తుంది. వాడుకలో లేనిది కాబట్టి పరీక్షలో రాయమని మాత్రం చెప్పను.