శ్రీకాకుళంలో ఉండి మినియేచర్ సైన్యాలకు రంగులు వేసే హాబీ మొదలుపెట్టడం కుదురుతుందా?

మీరు అడిగింది మూడు ముక్కలు. బల్ల మీద యుద్ధాలు ఆడుకునే వార్‌గేమ్ బొమ్మలకు రంగులు వేయడం నేర్చుకోవాలని ఉంది, శ్రీకాకుళంలో సామాను దొరకదు, ఒకేసారి సైన్యం మొత్తం కొనేయాలా వద్దా అని. నేను విజయనగరంలో ఆరేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను. ఆఖరి ప్రశ్నకే ముందుగా జవాబు చెప్తాను: కొనకండి. పన్నెండు మందిని పూర్తి చేశాక పదమూడో వాడి సంగతి చూద్దురు గాని. మా బీరువా మీద అట్టపెట్టెలో రంగు పడని వాళ్లు ఇప్పటికీ నూట నలభై మంది ఉన్నారు. మా ఆవిడ వాళ్లను పెన్షనర్లు అంటుంది.

మీరు బహుశా వార్‌హామర్ అనే పేరున్న వార్‌గేమ్ వీడియోలు చూసి ఇటు వచ్చి ఉంటారు. ఆ బొమ్మలు బ్రహ్మాండంగా ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. నా సలహా 1/72 స్కేలు ప్లాస్టిక్ బొమ్మలు. మనిషి ఎత్తు అంగుళానికి కాస్త తక్కువ. ఒక్కో పెట్టెలో మామూలుగా నలభై మంది దాకా వస్తారు. చిన్నవి కాబట్టి కళ్లు, కనుబొమలు వేసే టెన్షన్ ఉండదు. నేను మొదటి నెల రోజులూ ఒకే సిపాయికి కళ్లు పెట్టడంలో గడిపాను. చివరికి వాడు దెయ్యాన్ని చూసి జడుసుకున్నట్టు తయారయ్యాడు. సైన్యాన్ని బల్ల మీద పెట్టి మూరెడు దూరం నుంచి చూస్తాం. అక్కడికి కనిపించేది తలపాగా, కోటు, తుపాకీ, కింద మట్టి. అవి కుదిరితే చాలు.

ఈ మెత్తటి ప్లాస్టిక్‌తో ఒక చిక్కుంది. అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డు వాటి మీద అలాగే ఉంటుంది. నేను కడగకుండా రంగేశాను. మొదటి ఆటలోనే తుపాకుల మీది రంగు పెచ్చులుగా ఊడి వచ్చింది. గిన్నెలు తోమే సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత పూస్తే రంగు పట్టుకుంటుంది. ఈటెలు, బాయ్‌నెట్లు వంగిపోయి వస్తే మరిగే నీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. దీనికి టీ గిన్నె మాత్రం వాడొద్దు. ఆ గొడవ ఇక్కడ రాయలేను.

రంగుల కోసం ఆన్‌లైన్‌లో విదేశీ సీసాలు వెతకక్కర్లేదు. స్టేషనరీ షాపుల్లో దొరికే ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్ రంగులతోనే నా సైన్యంలో ముప్పాతిక వంతు నిలబడింది. కొంచెం చిక్కగా ఉంటాయి కాబట్టి నీళ్లు కలిపి పలచగా రెండు పూతలు వేయాలి. ఒకేసారి దట్టంగా పట్టిస్తే ముఖం మీది ముక్కూ మూతీ పూడిపోతాయి. తడి పాలెట్ కొననే వద్దు. ఖాళీ స్వీట్ల డబ్బాలో తడిపిన స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేస్తే రంగు రెండు మూడు గంటలు ఎండదు. డబ్బు పెట్టాల్సింది బ్రష్ మీదే. ఒకటో నంబరుది, మొన సూదిలా నిలబడేది ఒకటి మంచిది కొనండి. సున్నా నంబరువి నాలుగు చవక రకాలు కొని నేను నాలుగూ పారేశాను. మొన సరిగా ఉంటే ఒకటో నంబరే చాలు.

అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం వాష్. ముదురు గోధుమరంగులో నీళ్లు బాగా కలిపి, ఒక్క చుక్క సబ్బు వేసి బొమ్మంతా పోస్తాం. చూస్తుండగానే ఆ నీరు తలపాగా మడతల్లోకి, చంక కిందికి, పంచె కుచ్చిళ్లలోకి జారి అక్కడే ఆగిపోతుంది. ఆరాక పైకి ఉబ్బిన చోట్ల అసలు రంగు మళ్లీ పలచగా అద్దితే, అప్పటిదాకా ప్లాస్టిక్ ముక్కలా ఉన్నవాడు మనిషవుతాడు. తెలుపు మాత్రం సీసాలోంచి తీసి నేరుగా వేయొద్దు, సున్నం కొట్టినట్టుంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పటాలాల తెల్లకోటుకి నేను ముందు లేత బూడిదరంగు వేసి, పైన అంచులకే తెలుపు అద్దుతాను. మన బంట్ల పంచెలకైతే మీ పక్కనే ఉన్న పొందూరు ఖద్దరు ముక్క ఒకటి ఎదురుగా పెట్టుకోండి. చలవ చేయని నూలు రంగు ఎలా ఉంటుందో ఏ రంగుల పట్టికా అంత బాగా చెప్పదు.

ఒక్క చోట నేను దారుణంగా దెబ్బతిన్నాను. సిరిమానోత్సవం ముందు వారం, ముసురు పట్టిన సాయంత్రం మేడ మీద ముప్పై మందికి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టాను. పొద్దున చూస్తే అందరికీ బూజు పట్టినట్టు తెల్లటి పొర! గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే ఇంతే. బ్రష్‌తో గ్లాసీ (మెరిసే) వార్నిష్ పూస్తే చాలామంది తేరుకున్నారు, ఆరుగురు పోయారు. మనది సముద్రం పక్క ప్రాంతం. స్ప్రే పని ఎండ కాసే పొద్దునే పెట్టుకోండి, లేదా బ్రష్‌తో పూసే వార్నిష్ వాడండి.

ఏ సైన్యం వేయాలో మీరు అడగలేదు గానీ అసలు ప్రశ్న అదే. నేను నెపోలియన్ సైనికులతో మొదలుపెట్టి ఇరవై మందికే విసిగిపోయాను. నిలబెట్టింది మన గడ్డ మీది యుద్ధాలే. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ చందుర్తి యుద్ధం జరిగింది. అందులో మా విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ పక్షం. ఫోర్డ్ తెచ్చిన దేశీ సిపాయిలకు ఎర్రకోట్లు ఉన్నాయి. ఆయన ఇంగ్లీషు పటాలమేమో ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. ఫ్రెంచివాళ్లు ఎర్రకోట్లు చూసి ఇంగ్లీషువాళ్లు వీళ్లేననుకుని సిపాయిల మీదికి వెళ్లారు. చేను చాటు నుంచి అసలు పటాలం వచ్చి తగులుకుంది. కోటు రంగు చూసి మోసపోయిన యుద్ధం! రంగులు వేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ చేను కోసం నేను కొబ్బరిపీచు కత్తిరించి, ఆకుపచ్చ రంగులో ముంచి, ఒక్కో పోగూ ఫెవికాల్‌తో నిలబెట్టాను. కింద నేలకు, వాడేసి ఎండబెట్టిన టీపొడి.

బొబ్బిలి యుద్ధం కూడా వేశాను, దాంతో ఇంట్లో యుద్ధం వచ్చింది. మా ఆవిడది బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో పాటు ఆ కోట మీదికి వెళ్లింది మా విజయనగరం విజయరామరాజే కదా. మామగారు వచ్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఏటి బాబూ, మావోళ్లని ఇంత తక్కువ ఏసీసినారు?” అన్నారు. కోటలో నిజంగానే తక్కువమంది ఉన్నారు మామగారూ అంటే, “అయితే మీసాలైనా పెద్దవి పెట్టండి” అని కూర్చున్నారు. పెట్టాను. తాండ్ర పాపారాయుడి మీసం మూరెడు దూరానికి కూడా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు ఆయన ఆ బొమ్మను కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని పట్టుకుపోయారు. అప్పటినుంచి నా కోటలో పాపారాయుడు లేడు.

ఆడడానికి తోడు దొరకదని భయపడకండి. నియమాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. టైలరు టేపూ, పాచికలూ ఉంటే రెండు పక్షాలూ మీరే ఆడుకోవచ్చు. నేను చాలావరకు అలాగే ఆడతాను. ఎదుటి మనిషి కావాలనిపిస్తే ఏ ఆదివారమైనా ఆమదాలవలసలో రైలెక్కండి, విజయనగరం ఎంతో దూరం కాదు. ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి, డైనింగ్ టేబుల్ ఖాళీ చేయించాలి. పాచికలు మీరే తెచ్చుకోండి, మావి మా చిన్నది ఎక్కడో పారేసింది.