సూర్యుడికి సేఫ్టీ వాల్వు అక్కర్లేదు

ప్రశ్న: సూర్యుడి లోపల ఎప్పుడూ హైడ్రోజన్ బాంబులు పేలుతున్నట్టే ఉంటుందంటారు. మరి ఇన్ని కోట్ల ఏళ్లుగా ఒక్కసారిగా పేలిపోకుండా ఎలా ఉన్నాడు? ఆ మంట ఆరిపోతే వెంటనే కుప్పకూలతాడా?

థర్మల్ ప్లాంటులో బాయిలర్ ఆపరేటరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఖగోళశాస్త్రంలో డిగ్రీ లేదు. కానీ ప్రెజర్ అంటే ఏమిటో కోచింగ్ సెంటర్ సార్ల కన్నా నాకే బాగా తెలుసని నా నమ్మకం. వాళ్లలో ఒక్కరైనా నడుస్తున్న బాయిలర్ పక్కన నిలబడి ఉండరు.

"గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది, పీడనం బయటికి నెడుతుంది, రెండూ సమానం" అని ఇంటర్ పిల్లలు రెండు మార్కులకు రాస్తారు. తప్పేం కాదు. కానీ ఆ రెంటినీ సమానంగా ఉంచుతున్నది ఎవరు? మా దగ్గర ఆ పనికి మూడు షిఫ్టులా మనుషుల్ని పెట్టి జీతాలిచ్చేవాళ్లు.

ఒక నైట్ షిఫ్టు చెప్తాను. తెల్లవారుజామున 210 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడ్ మీద ఉండగా టర్బైన్ ట్రిప్పయింది. ఆవిరి తీసుకునేవాడు లేడు, కింద బొగ్గు మాత్రం మండుతూనే ఉంది. చదరపు సెంటీమీటరుకు 150 కేజీల దగ్గర కుదురుగా ఉండాల్సిన డ్రమ్ము (ఆవిరి చేరే ఉక్కు పీపా) ప్రెజర్ ముల్లు కళ్లముందే పైకి పాకుతోంది. షిఫ్ట్ ఇంజినీరు "మిల్లులు ట్రిప్ చెయ్యవయ్యా, చూస్తావేం!" అని అరుస్తున్నాడు. నేను బొగ్గును పొడి చేసి పంపే మిల్లుల్ని ఒక్కొక్కటే ఆపుతుండగానే పైన సేఫ్టీ వాల్వు లేచింది. కంట్రోల్ రూమ్ అద్దాలు అదిరిపోయాయి. ఆ తర్వాత ఇంజినీరు నోరు కదలడం కనిపించిందే తప్ప మాట వినపడలేదు. పొద్దున కాలనీలో అందరూ పిల్లలు దడుచుకున్నారని మమ్మల్నే తిట్టారు. యూనిట్ కాపాడినందుకు మెచ్చుకున్నవాడు లేడు గానీ, రిపోర్టు మాత్రం మూడు కాపీలు రాయించారు.

బాయిలర్‌లో మంట పెరిగితే ప్రెజర్ పెరుగుతుంది. ప్రెజర్ పెరిగిందని మంట తనంతట తాను తగ్గదు, ఎవరో ఒకరు తగ్గించాలి. డ్రమ్ము ఉక్కుది, సాగదు. సూర్యుడికి ఉక్కు గోడలు లేవు. పైనున్న పొరల బరువే ఆయనకు గోడ, ఆ గోడ కదులుతుంది. కేంద్రంలో వేడి సుమారు 1.5 కోట్ల డిగ్రీలు, పీడనం మన గాలి పీడనానికి దాదాపు 25,000 కోట్ల రెట్లు. అక్కడ మంట, అంటే హైడ్రోజన్ కలిసి హీలియంగా మారే ఫ్యూజన్, కాస్త ఎక్కువైతే ఆ భాగం ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది. వేడి ఒక్క శాతం తగ్గితే మంట సుమారు నాలుగు శాతం తగ్గుతుంది. అప్పుడు పైబరువు నొక్కుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. ఆపరేటరు లేడు, వాల్వు లేదు, రిపోర్టూ లేదు.

బాంబు అనే మాట కూడా నాకు నచ్చదు. సూర్యుడి నడిమధ్యలో ఒక ఘనపు మీటరు నుంచి వచ్చేది 300 వాట్ల లోపే. మా ఫర్నేసులో అదే చోటు నుంచి అంతకు వందల రెట్లు వచ్చేది. సూర్యుడి గొప్పంతా సైజులో ఉంది.

ఇక మంట ఆరితే కూలతాడా? కూలడు. నక్షత్రాన్ని నిలబెట్టేది ఫ్యూజన్ అని యూట్యూబ్‌లో ప్రతివాడూ చెప్తాడు. నిలబెట్టేది వేడి వాయువు పీడనం. వెలుగుగా బయటికి పోయే వేడిని పూడ్చడమే ఫ్యూజన్ పని. అది ఈ రోజే ఆగినా సూర్యుడు మెల్లగా కుంచించుకుపోతూ కోట్ల ఏళ్లు వెలుగుతాడు. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ అనే శాస్త్రవేత్తలు ఇలా కుంచించుకోవడమే సూర్యుడి వెలుగుకు కారణమని లెక్క కట్టారు, రెండు మూడు కోట్ల ఏళ్లకు మించి సరిపోలేదు. విచిత్రమేమిటంటే, అలా వేడి పోగొట్టుకుంటూ కుంచించుకునేటప్పుడు లోపల ఇంకా వేడెక్కుతుంది. మొదట్లో సూర్యుడు అంటుకున్నదీ అలాగే. అసలు పీడనమే మాయమైతే మాత్రం అరగంటలో అంతా అయిపోతుంది.

ఆ యూట్యూబ్ వాళ్లే 2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం, అదే బెటెల్‌గీస్, మసకబారినప్పుడు రేపో మాపో పేలుతుందని ఊదరగొట్టారు. మా బావమరిది అర్ధరాత్రి ఫోన్ చేసి "బావా, మేడెక్కు, పేలుతోందట" అని ఒకటే టెన్షన్. తీరా చూస్తే అది తానే వదిలిన ధూళి అడ్డం వచ్చి మసకబారిందని తర్వాత తేల్చారు.

మా డ్రమ్ములాంటి నక్షత్రాలు కూడా లేకపోలేదు. ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, బాగా దట్టమైన ఆ నక్షత్రాల్ని శ్వేత కుబ్జాలంటారు. వాటిని మోసేది ఎలక్ట్రాన్ల ఒత్తిడి, దానికి వేడితో దాదాపు పనిలేదు. కాబట్టి లోపల కార్బన్ అంటుకున్నా ఉబ్బి చల్లబడటం ఉండదు, మంట మీద మంట రేగి సెకన్లలో నక్షత్రమంతా పేలిపోతుంది. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని, శాస్త్రవేత్త చంద్రశేఖర్ చెప్పిన హద్దు, అంటే శ్వేత కుబ్జం మోయగల గరిష్ఠ బరువు (సూర్యుడి బరువుకు 1.4 రెట్లు), దగ్గరపడినప్పుడు ఇలా జరుగుతుంది. మన సూర్యుడు కూడా మరో 500 కోట్ల ఏళ్ల తర్వాత ఎర్రగా ఉబ్బి, పైపొరలు వదిలేసి శ్వేత కుబ్జమే అవుతాడు. అప్పటికి మిగిలేది ఇప్పటి బరువులో సగమే, లాక్కోవడానికి పక్కన తోడు నక్షత్రమూ లేదు. కాబట్టి పేలడు.