నెబుతానా, కాంతోనా? ఒక్క రాత్రే ఉంటే అకితా వెళ్ళండి

"ఆగస్టు మొదటి వారంలో అమ్మానాన్నలతో జపాన్ వెళ్తున్నాం. ఉత్తరాన తోహోకు ప్రాంతంలో ఒక్క పండగకే టైముంది. అఓమోరి నెబుతానా, అకితా కాంతోనా, సెందాయ్ తనబాతానా?" అని అడిగారు.

అకితా. కాంతో. ఇందులో తర్జనభర్జన పడేదేమీ లేదు. నేనుండేది సెందాయ్‌లో. మా ఊరి పండగను పక్కన పెట్టి మరీ చెబుతున్నాను.

ఇక్కడ జవాబిచ్చినవాళ్ళలో చాలామంది నెబుతా అన్నారు. ఎందుకన్నారో తెలుసు. నెబుతా అంటే పెద్ద పెద్ద దీపాల బొమ్మల ఊరేగింపు. ఇనుప తీగతో ఎముకల గూడు కట్టి, దానిమీద కాగితం అంటించి, మైనంతో గీతలు దిద్ది, రంగులు పూసి, లోపల దీపాలు పెడతారు. ఒక్కొక్కటి 9 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు, 4 టన్నుల దాకా బరువు. తెర వెనక దీపం పెడితే తోలుబొమ్మ ఒంటిమీద ఎరుపూ ఆకుపచ్చా ఎలా మండినట్టు కనిపిస్తాయో, ఇక్కడ వీధి వీధంతా అలా వెలుగుతుంది. నాకు ప్రాణం. కానీ ఆ గొప్పంతా నెబుతా చేసే కళాకారుడిది. పండగకు ముందే డేరాల్లో అతని పని అయిపోతుంది. పండగ రాత్రి ఆ బొమ్మ చక్రాల మీద దొర్లుకుంటూ వస్తుంది, మనం చూస్తాం. అసలు ఆనందం "రస్సేరా, రస్సేరా" అంటూ గెంతే హనెతోలది. ఆ దుస్తులు అద్దెకు తెచ్చుకుని వేసుకుంటే ఎవరైనా వాళ్ళతో కలవచ్చు. మీకు పాతికేళ్ళుండి స్నేహితులతో వస్తుంటే అఓమోరికే వెళ్ళమనేదాన్ని. అరవై దాటిన అమ్మానాన్నలు ఆ వీధంతా గెంతుతారా?

సెందాయ్ తనబాతా ఆగస్టు 6 నుంచి 8 వరకు. పైకప్పున్న బజారు వీధుల్లో వెదుళ్ళకు కట్టిన పొడవాటి కాగితపు తోరణాల కింద నడవడమే పండగ. వాన పడ్డా ఇబ్బంది లేదు. పగలు ఓ రెండు గంటలు తిరిగితే సరిపోతుంది. రాత్రికి అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇక కాంతో. 12 మీటర్ల వెదురు గడ. దానికి అడ్డంగా తొమ్మిది వెదురు బద్దలు. వాటికి వేలాడే 46 కాగితపు లాంతర్లు. మొత్తం బరువు 50 కిలోలు. ఆ లాంతర్లలో ఉండేవి నిజం కొవ్వొత్తులు, బల్బులు కావు. దీన్ని ఒక్క మనిషి ముందు అరచేతిలో నిలబెడతాడు, తర్వాత నుదుటి మీద, భుజం మీద, చివరికి నడుం మీద. నడుం మీద పెట్టినప్పుడు ఒళ్ళంతా ఒక పక్కకి విల్లులా వంచి, రెండు చేతులూ వదిలేస్తాడు. కాస్త ఆరితేరినవాళ్ళు ఒక చేత్తో విసనకర్ర విప్పుతారు, ఒంటి పన్ను చెక్క చెప్పుల మీద నిలబడతారు. అంతటితో ఆగరు. కింద ఇంకో వెదురు ముక్క తగిలించి ఎత్తు పెంచుతారు, ఆ పైన మరొకటి. గడ వంగి వంగి ఒక్కోసారి విరుగుతుంది కూడా. వీధిలో చిన్నా పెద్దా కలిపి దాదాపు 280 గడలు, పదివేల లాంతర్లు. పిల్లనగ్రోవులు, డప్పులు మొదలవగానే అన్నీ ఒకేసారి లేస్తాయి. "దొక్కోయిషో, దొక్కోయిషో" అని వీధంతా అరుస్తుంది.

ఆ లాంతర్ల వరస వరి వెన్ను. పంట బాగా పండాలని మొక్కు. నెబుతాకూ కాంతోకూ మూలం ఒకటే. నడివేసవిలో పొలం పనులప్పుడు కమ్ముకొచ్చే మగతనూ, దానితోపాటు వచ్చే కీడునూ తరిమేసే పాత ఆచారం. అఓమోరిలో అది బొమ్మల కొలువైంది, అకితాలో వరి చేనుగానే మిగిలింది. 1789 నాటి ఒక యాత్రా గ్రంథంలోనే ఈ గడల ఊరేగింపు ప్రస్తావన ఉంది. రెండు పండగలనూ 1980లో జపాన్ ప్రభుత్వం ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. కాబట్టి ఘనతలో ఎవరూ తక్కువ కాదు.

మా నాన్నది భీమవరం దగ్గర పల్లె, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వరే. ఆయన జపాన్ వచ్చినప్పుడు టోక్యోలో ఆకాశమంత మేడలు చూపిస్తే "బానే ఉన్నాయమ్మా" అని ఊరుకున్నారు. క్యోటో గుళ్ళ దగ్గర జనాన్ని చూసి విసుక్కున్నారు. సెందాయ్ నుంచి కొమాచి రైలెక్కించాను. మొరియొకా దాటాక ఆ బండి షింకన్సెన్ (బుల్లెట్ రైలు) పట్టాలు వదిలేసి మామూలు పట్టాల మీద కొండల్లోంచి మెల్లగా పోతుంది. కొండ దిగగానే రెండు పక్కలా వరి. నాన్న అద్దానికి ముఖం ఆనించి కూర్చున్నారు. "మన దగ్గర సార్వా నాట్లు ఇంకా పడుతూనే ఉన్నాయి, ఇక్కడ అప్పుడే వెన్ను తీస్తోందే!" అన్నారు. చలి ముందే వచ్చే దేశం కదా, ఇక్కడ తొందరగా నాటి తొందరగా కోస్తారని చెప్పాను. ఓమగారి స్టేషన్ దగ్గర బండి దిశ మార్చుకుని, అక్కణ్ణుంచి అకితా దాకా మన సీట్ల వీపు వైపుకి, అంటే వెనక్కి నడుస్తుంది. "వెనక్కి పోతోందేమిటే, దిగాల్సింది దాటిపోయామా?" అని అమ్మ కంగారు పడింది. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. (అదే ఓమగారిలో ఆగస్టు ఆఖరి శనివారం బాణసంచా పోటీ జరుగుతుంది, 1910 నుంచీ జరుగుతున్నది. అది వేరే జవాబుకు సరిపడా కథ.)

ఆ రాత్రి మా ముందున్న జట్టులో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు పెద్ద గడ అందుకున్నాడు. అరచేతిలో బాగానే నిలిచింది. నుదుటి మీదకి మార్చుకున్నాడో లేదో, గాలి తిరిగింది. అంత ఎత్తులో 46 లాంతర్లంటే అది తెరచాపే. వాడు మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి పరిగెత్తాడు. గడ మా మీదకే వాలింది. జనం మీద పడకుండా వీధి పొడవునా తాళ్ళు కట్టి ఉంటాయి, వాటికి తగిలి ఊగుతూ ఆగింది. కొవ్వొత్తులు సగం ఆరిపోయాయి. జట్టులో పెద్దవాళ్ళు వచ్చి, ఒక్క మాట అనకుండా, చకచకా మళ్ళీ వెలిగించారు. ఇంకొకడు అందుకుంటాడేమో అనుకున్నాను. కాదు, మళ్ళీ ఆ కుర్రాడికే ఇచ్చారు. వెనకాల ఒక ముసలాయన రెండు చేతులూ చాచి, గడను ముట్టుకోకుండా, వాడు ఎటు నడిస్తే అటు నడుస్తున్నాడు. మా నాన్న లేచి నిలబడి "నిలబెట్టరా అబ్బాయ్, నిలబెట్టు!" అని తెలుగులో అరుస్తున్నారు. పక్కన కూర్చున్న జపాన్ ఆవిడ కూడా లేచింది. ఈసారి నుదుటి మీద నిలిచింది. అక్కణ్ణుంచి భుజానికి వెళ్ళింది. నడుం మీదకు మాత్రం వాడు తీసుకోలేదు, ఇంకొకరికి అందించాడు. నెబుతాలో ఇది దొరకదు. బొమ్మ పడిపోతుందేమోనని అక్కడ ఎవరి గుండే జారదు.

ప్రదర్శన తొమ్మిది లోపే అయిపోతుంది. ఆ తర్వాత జనాన్ని వీధిలోకి రానిస్తారు. లాంతర్లు వెలుగుతుండగానే దగ్గరికి వెళ్ళొచ్చు, డప్పు కొట్టొచ్చు, వాళ్ళతో మాట్లాడొచ్చు. నాన్న నేరుగా ఆ ముసలాయన దగ్గరికే వెళ్ళారు. చేత్తో నాట్లు వేసినట్టు చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. ఆయనకు అర్థమైంది. ఇద్దరు కుర్రాళ్ళను చెరో పక్కా పట్టుకోమని, గడ మొదలు నాన్న అరచేతిలో ఆనించాడు. నాన్న పైకి చూస్తూ నాతో అన్నారు: "బరువు చేతి మీద కాదమ్మా, నడుం మీద పడుతోంది." ఆ మాట నేను జపనీస్‌లో చెబితే ముసలాయన పెద్దగా నవ్వి, అది తెలుసుకోడానికే కుర్రాళ్ళకు ఏళ్ళు పడుతుందన్నాడు. బుడతలకు 5 మీటర్లు, 5 కిలోల చిన్న గడ ఉంటుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి 15 కిలోలు, 30 కిలోలు, చివరికి 50.

ఇందుకే నాకు టూర్ల మీద ఒళ్ళుమంట. "మూడు రాత్రుల్లో మూడు పండగలు" అని అమ్ముతారు. పండగ మొదలయ్యే వేళకు బస్సు దించుతుంది, జనాన్ని వీధిలోకి వదిలే సమయానికి "బస్సెక్కండి" అని జెండా ఊపుతారు. కాంతోలో సారమంతా ఆ చివరి అరగంటలోనే ఉంది. డబ్బు పోసి దాన్నే వదులుకుంటారు. ఇంకో సంగతి, ఫోన్లు. 12 మీటర్ల గడ మీ ఫోన్లో పట్టదు. పట్టించాలని చూసేలోపు అసలు ఆటంతా నడుస్తున్న అరచేయి, నుదురు, కాళ్ళు కనబడకుండా పోతాయి. కింద మనిషిని చూడండి, లాంతర్లను కాదు.

నాకొక కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. ఊరేగింపులో గడ ఎత్తేది మగవాళ్ళే. ఆడపిల్లలు పిల్లనగ్రోవి, డప్పు దగ్గరే ఆగిపోతారు. ఎంత బాగా వాయిస్తారో! కానీ జపాన్‌లో ముసలివాళ్ళ శాతం అందరికంటే ఎక్కువున్న రాష్ట్రం అకితా. 2017లోనే జనాభా పది లక్షల కిందకి దిగిపోయింది. ఒగా ద్వీపకల్పంలో డిసెంబరు 31 రాత్రి ముసుగులేసుకుని ఇంటింటికీ వచ్చే నమహగే ఆచారానికి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా ఆ ముసుగులు వేసుకోడానికి కుర్రాళ్ళు లేక కొన్ని పల్లెల్లో ఆపేశారు. కాంతో ఊళ్ళోనూ పిల్లలు తగ్గుతున్నారు. ఉన్న పిల్లల్లో సగం మందిని గడ ముట్టుకోవద్దంటే ఎలా? బరువు చేతి మీద కాదు, నడుం మీద పడుతుందని మా నాన్న ఒక్క నిమిషంలో పట్టేశారే! నేర్పితే ఆడపిల్లలకు రాదా?

తిండి విషయం. మాంసం తినని వాళ్ళుంటే జాగ్రత్త. కిరితాంపో అని దంచిన అన్నాన్ని పుల్లకు చుట్టి కాలుస్తారు. దాన్ని కోడి పులుసులో వేసినది వద్దు, మిసో (సోయా గింజల ముద్ద) పూసి కాల్చినది అడగండి. మా అమ్మకు అది నచ్చింది. ఇనానివా ఉడాన్ నూడుల్స్ సన్నగా, నున్నగా బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ చారులో చేప ఉంటుంది. ముల్లంగిని పొగబెట్టి తవుడులో ఊరవేసే ఇబురిగక్కో ఒక పొట్లం తప్పకుండా కొనండి, పెరుగన్నంలోకి దానికి సాటి లేదు. రోడ్డు పక్కన గొడుగు కింద పెద్దావిడలు గులాబీ పువ్వులా దిద్ది ఇచ్చే గులాబీ, పసుపు రంగుల ఐస్ కూడా వదలొద్దు, పేరు బాబహేరా.

పగలు వెళ్ళాల్సినది ఒక్కటే: ఊరి మధ్యలో ఉన్న నెబురి నగాషి కాన్ అనే ప్రదర్శనశాల. అక్కడ కాంతోను దగ్గరగా చూడొచ్చు, మీరే ఎత్తి చూడొచ్చు. ఆడా మగా తేడా లేదు. ఆగస్టు 4 నుంచి 6 వరకు పగలు జట్ల మధ్య నైపుణ్యం పోటీలు కూడా జరుగుతాయి. కాస్త వెలుతురులో ఆ కాళ్ళ కదలిక చూస్తే రాత్రి ఇంకా బాగా అర్థమవుతుంది.

కొమాచిలో అన్నీ రిజర్వుడు సీట్లే. ప్రయాణానికి సరిగ్గా నెల ముందు ఉదయం పదికి టికెట్లు తెరుస్తారు, ఆ పూటే కొనేయండి. టోక్యో నుంచి నాలుగు గంటల లోపు. పండగ అయ్యాక ఆ రాత్రే సెందాయ్‌కో టోక్యోకో తిరిగి రావచ్చని మాత్రం అనుకోకండి, బస అక్కడే చూసుకోండి. అకితాలో హోటళ్ళు ఆ వారం ధర విపరీతంగా పెంచేస్తాయి. ఒక హోటల్ మాకు మామూలు రోజు ధరకు మూడింతలు చెప్పింది. అప్పుడు ఓమగారిలోనో యొకొతెలోనో గది తీసుకుని మామూలు రైల్లో వెళ్ళండి. పెద్దవాళ్ళకు వీధి మధ్యన వేసే టికెట్టు సీట్లు కొనండి, నేల మీద కాకుండా బెంచీ ఉన్నవి. మీరు కాలిబాట మీద నిలబడితే ఉచితం.

పండగ ఏటా ఆగస్టు 3 నుంచి 6 దాకా, వారాలతో పని లేదు. మీ ప్రయాణంలో వీలుంటే 3వ తేదీనే పెట్టుకోండి. గాలీవానా వచ్చి ఆ రాత్రి చెడినా ఇంకో మూడు రాత్రులు మిగులుతాయి.