కలపని రంగుల్లో కాసిన ఎండ

ప్రశ్న: మా మేడ మీద నిలబడితే శేషాచలం కొండచరియ ఎదురుగా కనిపిస్తుంది. ఉదయపుటెండలో ఎర్రగా మెరిసే ఆ బండను ఇరవైసార్లయినా వేసి ఉంటాను. పళ్ళెంలో బాగానే ఉన్న రంగు కాగితం మీదికి వచ్చేసరికి బురదలా తేలుతోంది. ఇటలీ చిత్రకారుడు జొవాన్ని సెగాంతిని బొమ్మల్లో మాత్రం ఎండ నిజంగానే కాస్తున్నట్టు ఉంటుంది. అది విదేశీ రంగుల మహిమా?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, తిరుపతి

జవాబు: మాస్టారూ, మీ రంగుల పెట్టెను అనుమానించనక్కర్లేదు. ప్రతి రంగుపొడీ తన మీద పడిన వెలుగులో కొంత మింగి, మిగిలినదే మన కంటికి పంపుతుంది. ఎరుపులో నీలం, అందులో పసుపు, ఇంకాస్త ఆకుపచ్చ కలుపుతూ పోయేకొద్దీ మింగే నోళ్ళు ఎక్కువై, తిరిగివచ్చే వెలుగు తగ్గిపోతుంది. మీరు చెప్పిన బురద అక్కడే పుడుతోంది.

సెగాంతిని 1886 ప్రాంతం నుంచి రంగులను పళ్ళెంలో కలపడం దాదాపుగా మానుకొన్నాడు. తెల్లటి కాన్వాసు మీద మొదలుపెట్టే అలవాటు కూడా ఆయనకు లేదు; ముందుగా ఎర్రమట్టి రంగును పలుచగా పూసి, దాని మీద గీతలతో కొండల ఆకారాలు నిలిపి, ఆ తరువాత రంగు దళసరిగా నిలిచే సన్నని గీతలుగా స్వచ్ఛమైన రంగులను పక్కపక్కనే పేర్చేవాడు. గీతకూ గీతకూ మధ్య కొంత ఖాళీ వదిలి, మొదటి రంగు ఆరకముందే ఆ సందుల్లో దానికి ఎదురు రంగును, అంటే ఎరుపుకు ఆకుపచ్చలాంటిదాన్ని, నింపేవాడు. 1891 నాటి ‘ఆల్ప్స్‌లో మధ్యాహ్నం’ చిత్రంలో గొర్రెలు కాచే అమ్మాయి టోపీ అంచు పట్టుకొని నిలబడి ఉంటుంది. ఆమె వెనుక ఉన్న పచ్చికను దగ్గరగా చూస్తే పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలు విడివిడిగా దారప్పోగుల్లా కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఎండలో తళతళలాడే గడ్డిమైదానం అవుతుంది. నగరి, నారాయణవనం వైపు నేతగాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు వేసి నేసిన నెమలికంఠం చీరలో ఏ పోగూ మరో పోగుతో కలవదు, కలిపేది చూసేవాళ్ళ కన్నే.

మీరు పోస్టరు రంగులతోనే ప్రయత్నించవచ్చు. కాగితానికి ముందు పలుచని కావిరంగు పూసి ఆరనివ్వండి. ఎండ పడినచోట నారింజ, గులాబీ, పసుపు గీతలనూ, నీడలో నీలం, ఊదా గీతలనూ కలపకుండా పేర్చండి. నీటిరంగులను పారించి వేసే పద్ధతికి మాత్రం ఇది పొసగదు. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. స్విట్జర్లాండు ఆల్ప్స్ కొండల్లో ఆయన గడిపిన ఊళ్ళలో సావోన్యిన్ దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో, మలోయా 1,800 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అక్కడి పలుచని గాలిలో దూరపు శిఖరం అంచు కూడా కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. వేసవిలో మన కొండల మీద మసక పరుచుకొని ఉంటుంది కాబట్టి, వెనుక వరుస కొండలకు అంత పదును పెడితే అవి శేషాచలం కొండలు కాకుండా పోతాయి.

ప్రశ్న: ఆయన పుట్టింది ఆస్ట్రియా సామ్రాజ్యంలో, చనిపోయింది స్విట్జర్లాండులో అని చదివాను. మరి ఇటలీ చిత్రకారుడని ఎందుకంటారు?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కాగితాల ప్రకారం ఆయన ఏ దేశానికీ చెందినవాడు కాదమ్మా. 1858 జనవరి 15న ఆర్కో అనే ఊళ్ళో పుట్టాడు. ఇటాలియన్ మాట్లాడే ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ఏడేళ్ళకే తల్లి పోయింది. తండ్రి కుర్రవాణ్ణి మిలాన్‌లోని సవతి అక్క దగ్గర వదిలి వెళ్ళి, మరుసటి ఏడాది తానూ కన్నుమూశాడు. ఆ అక్క తమ ఆస్ట్రియా పౌరసత్వాన్ని వదులుకొంది గాని ఇటలీ పౌరసత్వం తెచ్చుకోవడం సాగలేదు, దానితో తమ్ముడు జీవితాంతం ఏ దేశపు పౌరుడూ కాకుండా మిగిలాడు. వీధుల్లో తిరుగుతూ పట్టుబడి బాలనేరస్థుల సంస్థలో చెప్పులు కుట్టడం నేర్చుకొన్నాడు. చిత్రకళ నేర్చింది మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో. కాగితాలు లేనందువల్లనే బీచే బుగాత్తితో చట్టబద్ధంగా పెళ్ళి జరగలేదు, అయినా ఇద్దరూ నలుగురు పిల్లలతో చివరిదాకా కలిసే బతికారు. ఆయన భాష, చదువు, తోటి చిత్రకారులు అందరూ ఇటలీవే కనుక కళాచరిత్ర ఆయనను ఇటలీ లెక్కలోనే రాసుకొంది. నాకూ అదే న్యాయమనిపిస్తుంది.

ప్రశ్న: ఆయన బొమ్మలు ఎక్కడ చూడవచ్చు?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ముఖ్యమైనవి స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌లో, 1908లో కట్టిన సెగాంతిని మ్యూజియంలో ఉన్నాయి. 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం, సెయింట్ మోరిట్జ్ ఉన్న ఎంగడీన్ లోయనంతటినీ ఒక గుండ్రటి మండపంలో చూపాలని ఆయన తలపెట్టాడు. ఖర్చుకు భయపడి దాతలు వెనక్కి తగ్గడంతో అది ‘జీవితం’, ‘ప్రకృతి’, ‘మరణం’ అనే మూడు పెద్ద చిత్రాలకు కుదించుకుపోయింది. మ్యూజియం గోపురం ఆ మండపపు నమూనానే గుర్తుచేస్తుంది. పెద్ద కాన్వాసులను కూడా కొండ మీదే, ఆరుబయట చెక్కపెట్టెల్లో భద్రపరిచి, రోజూ అక్కడికే వెళ్ళి గీయడం ఆయన పద్ధతి. ‘ప్రకృతి’ని ముగించడానికి 1899 సెప్టెంబరులో సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న శాఫ్‌బెర్గ్ కొండ ఎక్కి, అక్కడి గుడిసెలోనే కడుపులో వాపు ముదిరి, 28వ తేదీన 41 ఏళ్ళకే కన్నుమూశాడు. ‘మరణం’ అసంపూర్తిగానే ఆ మ్యూజియంలో వేలాడుతోంది.